అటక మీద ఆటలు

విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక ఇల్లు అనుకుందాం. ఆదివారం పొద్దున. పెసరట్టు ఉప్మా కార్యక్రమం ముగిసింది. హాలు మూలనున్న కంప్యూటరు దగ్గర తండ్రికీ కొడుక్కీ పంచాయితీ మొదలైంది.

"నాన్నా, ఇది ఇక పనికిరాదు. కొత్తది కొనాల్సిందే" అన్నాడు ఎనిమిదో తరగతి చదువుతున్న సుపుత్రుడు.

"ఎందుకురా? స్విచ్ వేస్తే వెలుగుతోందిగా!"

"వెలిగితే సరిపోతుందా? విండోస్ 10 పనైపోయింది. 11 దీంట్లో ఎక్కదు."

పక్కన పేపరు చదువుకుంటున్న మామ్మ కళ్లజోడు సవరించుకుంది. "పనిచేస్తున్నదాన్ని కూడా వయసు మీదపడిందని బయట పెట్టేస్తారా? అయితే నేను కాస్త జాగ్రత్తగా ఉండాలి!"

అబ్బాయి చెప్పింది నిజమే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరం నుంచీ ఉండాలి. ఈ ఇంట్లోది ఆరో తరం.

తండ్రి బాధా నిజమే. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు ఫ్రిజ్, మంచాలు, పిల్లాడి పుస్తకాలతో పాటు అంతకుముందున్న కంప్యూటరూ బురదపాలైంది. ఇది ఆ తరువాత సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. మళ్లీ వేలకు వేలు తీయమంటే ఎక్కణ్నుంచి వస్తాయి?

వరదకు అందనిది ఆ ఇంట్లో ఒకటుంది. అటక మీద అట్టపెట్టెలో సీడీల కట్ట. తండ్రి కాలేజీ రోజుల్లో దాచుకున్నవి. సగం వాటి మీద మార్కరు పెన్నుతో రాసిన పేర్లు... డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ రాష్. ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లు కళకళలాడిన రోజుల్లో, బైకు మీద వెళుతూ పక్కవాణ్ని గొలుసుతో కొట్టే రోడ్ రాష్ ఆడని కుర్రాడు అరుదు. ఇప్పుడా సీడీలు పెడితే విండోస్ 10 కూడా చాలావాటిని తీసుకోలేదు. అంటే కొడుకు ఆటలకు కంప్యూటరు పాతదైంది. తండ్రి ఆటలకేమో మరీ కొత్తదైంది!

ఈ తగువు మధ్యలోకి కానూరులో బీటెక్ చదువుతున్న పెద్దనాన్నగారబ్బాయి వచ్చాడు. సంగతంతా విని, "కొనొద్దు, పారెయ్యొద్దు బాబాయ్. ఓ ఖాళీ పెన్‌డ్రైవ్ ఇవ్వు" అన్నాడు.

ముందు రుచి, తరువాత వడ్డన

ఆ కుర్రాడి మంత్రం పేరు లినక్స్. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి మొదలుపెట్టిన పని. దానికి ప్రపంచమంతా చెయ్యి వేసింది. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే. కాబట్టి ఈ ఇంటికి లినక్స్ కొత్త చుట్టమేమీ కాదు, అందరి జేబుల్లోనూ ఉన్నదే.

ఇందులో రకాలు చాలా ఉన్నాయి. కొత్తవాళ్లకు సులువుగా ఉండేవాటిలో లినక్స్ మింట్ ఒకటి. దానికి కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 ఉంటే హాయి. డబ్బులు కట్టక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్నుంచే కంప్యూటరును నడిపి చూడొచ్చు. హార్డ్‌డిస్కులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ స్విచ్ వేస్తే పాత విండోసే పలకరిస్తుంది. శబ్దం వస్తోందా, వైఫై దొరుకుతోందా, ప్రింటరు కదులుతోందా అని ఇలా ముందే తేల్చుకోవచ్చు. నచ్చితే అప్పుడు పూర్తిగా ఎక్కించుకోవచ్చు. అయితే ఒక హెచ్చరిక. ఎక్కించేటప్పుడు డిస్కు తుడిచిపెట్టుకుపోయే అవకాశం ఉంది. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు ముందు వేరేచోట కాపీ చేసుకోవాలి. వరద చూసిన ఇంటికి ఈ మాట రెండుసార్లు చెప్పక్కర్లేదు.

సురభి వారి సెట్టింగు

మింట్ ఎక్కింది. తండ్రి అటక మీంచి అట్టపెట్టె దించాడు. కట్టలో మార్కరు రాతలు లేని సీడీ ఒకటి దొరికింది. అప్పట్లో కంప్యూటరు పత్రికతో పాటు ఇచ్చింది. అందులో కమాండర్ కీన్ మొదటి భాగం ఉంది.

1990 డిసెంబరులో వచ్చిన ఈ ఆటకు పంపకం పద్ధతే వేరు. మొదటి భాగం ఎవరైనా కాపీ చేసుకుని పంచుకోవచ్చు. నచ్చినవాళ్లు మిగతా రెండు భాగాలూ కొనుక్కోవాలి. దీన్ని షేర్‌వేర్ అనేవారు. బళ్లో కంప్యూటరు ల్యాబుల్లో పిల్లలు ఎగబడి ఆడిన డేంజరస్ డేవ్‌ను 1988లో తయారుచేసిన జాన్ రొమేరో ఈ బృందంలోనూ ఉన్నాడు. కథానాయకుడు ఎనిమిదేళ్ల బుడతడు. అంగారకుడి మీదికి వెళ్లి దిగితే, వాడి ఓడలోని విడిభాగాలు ఎత్తుకుపోతారు. వాటిలో ఒకటి కారు బ్యాటరీ, మరొకటి ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్!

ఇది డాస్ కాలం ఆట. ఇవాళ్టి కంప్యూటరు దానికి పరాయి దేశం. అందుకే 2002 నుంచీ డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడుకలో ఉంది. ఇది చేసే పని సురభి నాటకం వాళ్లు చేసేదే. మాయాబజార్ నాటకంలో తెర లేవగానే ద్వారక కనిపిస్తుంది. నిజానికి ఉన్నవి గుడ్డ తెరలూ తాళ్లూ. డాస్‌బాక్స్ కూడా తెర మీద ఓ కిటికీ తెరిచి, అందులో పాతకాలం కంప్యూటరును మొత్తంగా కట్టి చూపిస్తుంది. పాత ప్రాసెసరు, పాత సౌండు కార్డు, పాత తెర అన్నీ ఉన్నాయనుకుని ఆట తన పని తాను చేసుకుపోతుంది. వేగానికి కళ్లెం వెయ్యడం కూడా దాని పనే. లేకపోతే అప్పటి నత్తనడక యంత్రాల లెక్కలో రాసిన కొన్ని ఆటలు ఇప్పుడు రెప్పపాటులో ముగిసిపోతాయి.

మధ్యలో దుబాసీ

విండోస్ ఆటల సంగతి వేరు. వాటికి సెట్టింగు కాదు, దుబాసీ కావాలి. బెజవాడ స్టేషన్లో దిగిన బెంగాలీ ప్రయాణికుడికి తెలుగు రాదు. ఆటో అతనికి బెంగాలీ రాదు. రెండూ తెలిసిన టీ కొట్టు మనిషి మధ్యలో నిలబడితే దుర్గగుడికి దారి దొరుకుతుంది. విండోస్ కోసం రాసిన ఆట విండోస్ భాషలో ఏదో అడుగుతుంది. దాన్ని లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెప్పే దుబాసీ పేరు వైన్. ఈ పని 1993లో మొదలైంది. 1.0 అని అంకె వేసి విడుదల చేసేసరికి 2008 జూన్ వచ్చింది. పదిహేనేళ్లు!

అప్పటికీ కొత్త ఆటల బొమ్మలు సరిగా కదిలేవి కావు. ఆ ముడి విప్పినవారిలో ఫిలిప్ రెబోలే ఒకరు. అతనికి నియర్ ఆటోమేటా అనే 2017 నాటి ఆటను లినక్స్‌లో ఆడుకోవాలనిపించింది. కుదరలేదు. దాంతో విండోస్ ఆటల బొమ్మల భాషను వుల్కన్ అనే మరో భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌ను తనే రాయడం మొదలుపెట్టాడు. దాని పేరు డీఎక్స్‌వీకే. స్టీమ్ అనే ఆటల దుకాణం నడిపే వాల్వ్ సంస్థ అతనికి పని అప్పగించింది. వైన్, డీఎక్స్‌వీకే లాంటివన్నీ ఒకచోట చేర్చి 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో స్టీమ్‌లోనే పెట్టేసింది. 2022లో చేతిలో పట్టుకుని ఆడుకునే స్టీమ్ డెక్ యంత్రాన్ని తెచ్చింది. అది నడిచేదీ లినక్స్ మీదే. స్టీమ్ వాడేవారిలో లినక్స్ వాటా 2025 అక్టోబరులో తొలిసారి 3 శాతం దాటింది. చిన్న అంకే. కానీ ఆటల కంపెనీలు లెక్కలోకి తీసుకోక తప్పని అంకె. 2025 సెప్టెంబరులో వచ్చిన హాలో నైట్ సిల్క్‌సాంగ్ లాంటి కొత్త ఆట విడుదల రోజునే లినక్స్‌కూ వచ్చింది, దుబాసీ అవసరం లేకుండా.

ఏ ఆట ఎలా నడుస్తోందో ప్రోటాన్‌డీబీ అనే చోట ఆడినవాళ్లే రాసిపెడతారు. డబ్బు కట్టేముందు అక్కడ చూడడం మంచిది.

ఇక్కడ మాత్రం కుదరదు

ఇదంతా విన్న పిల్లాడు అసలు ప్రశ్న బయటపెట్టాడు. "మరి వాలరెంట్ వస్తుందా అన్నయ్యా?"

"రాదు."

పిల్లాడి మొహం వాడిపోయింది. కారణం వినాలి. నలుగురూ నెట్‌లో కలిసి ఆడే ఆటల్లో మోసగాళ్లను పట్టుకోవడానికి కొన్ని కంపెనీలు విండోస్ లోపలి పొరల్లో కాపలా పెడతాయి. లినక్స్‌లో ఆ కాపలాకు చోటు లేదు. అందుకే వాలరెంట్, ఫోర్ట్‌నైట్ నడవవు. అపెక్స్ లెజెండ్స్ కొంతకాలం నడిచి, 2024 అక్టోబరు చివర్లో తలుపు మూసేసింది. స్నేహితులంతా ఆ ఆటే ఆడుతుంటే, ఒక్క పిల్లాడు బయట ఉండిపోవడం చిన్న కష్టం కాదు. ఆ ఆటే కావాలనుకునే ఇంట్లో లినక్స్ జవాబు కాదు. ఆ మాట ముందే చెప్పడం ధర్మం.

ఇంకో పరిమితీ ఉంది. లినక్స్ పాత గ్రాఫిక్స్ చిప్‌ను కొత్తది చెయ్యలేదు. వుల్కన్ తెలియని చిప్ ఉంటే ప్రోటాన్ ఆటలు చాలావరకు నడవవు. ఈ ఇంట్లో ఉన్న ఆరో తరానికి వుల్కన్ తెలుసు గానీ, భారీ ఆటలను మొయ్యలేదు. కౌంటర్ స్ట్రైక్ తొలి రూపం, స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివి మాత్రం పట్టుకుంటుంది. రెండూ లినక్స్‌కు నేరుగా దొరికేవే.

పైసా ఖర్చు లేని ఆటలూ ఉన్నాయి. కార్ల పందేలకు సూపర్‌టక్స్‌కార్ట్, యుద్ధవ్యూహాలకు జీరో ఏడీ. రెండోదాంట్లో మౌర్యులు ఒక పక్షం. చంద్రగుప్తుడు, అశోకుడు వీరులుగా వస్తారు, ఏనుగులు కదులుతాయి. అశోకుడంటే పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అనుకునే పిల్లాడికి ఇది మరో దారి. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే పాఠాలు నేర్చుకుంటున్నారు. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగులో పలకరించే లినక్స్‌ను, చిన్నపిల్లల కోసం బాల స్వేచ్ఛను తయారుచేశారు.

నాన్న పంపిన పెట్టె

మరి మార్కరు సీడీల మాటేమిటి? "అప్పట్లో అందరూ అవే కొనేవాళ్లురా" అని తండ్రి నసిగాడు. అంగట్లో దొరకని ఆటకు కూడా హక్కుదారుడు ఉంటాడు. అదీగాక వైన్ మంచి ఆటనూ చెడ్డ ఫైలునూ వేరుచేసి చూడదు. దొంగ కాపీలో వైరస్ ఉంటే దాన్ని కూడా నడిపిస్తుంది.

కానీ ఇక్కడో చిక్కుంది. అసలు ఆటను డబ్బిచ్చి కొందామన్నా దొరకాలి కదా! అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో లేవని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. డబ్బిచ్చి కొన్న ఆటలకూ దిక్కులేదు. ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న కంపెనీ ఆపేస్తే, కొన్నవాళ్లకు మిగిలింది ఖాళీ డబ్బా.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా సంగతి వింటే తేడా తెలుస్తుంది. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికలనే బొమ్మలుగా గీసి 1989లో ఆ ఆటను తయారుచేశాడు. దాని మూల ప్రతి, అంటే సోర్స్ కోడ్, తరువాత ఎక్కడో పోయింది. 2012లో ఇల్లు సర్దుతున్న వాళ్ల నాన్నకు అల్మరా వెనక ఓ పెట్టె దొరికింది. అందులో పాత ఫ్లాపీలు. ఆయన పారెయ్యకుండా కొడుక్కి పంపాడు. తెలిసినవాళ్లు ఓపిగ్గా వాటిని చదివించారు. మెక్నర్ ఆ కోడ్‌ను అందరూ చూసేలా నెట్‌లో పెట్టేశాడు.

ఆటను బతికించింది కంపెనీ బీరువా కాదు, పారెయ్యని ఓ తండ్రి. కమాండర్ కీన్‌ను మూడున్నర దశాబ్దాల తరువాత సింగ్‌నగర్‌కు చేర్చిందీ అలాంటి మనుషులే. పంచుకోమని ఇచ్చినవాళ్లు, డాస్‌బాక్స్ కట్టినవాళ్లు, అట్టపెట్టెను అటక మీద పెట్టినవాళ్లు.

మధ్యాహ్నం భోజనాల వేళయింది. తండ్రి కీబోర్డు వదలడం లేదు. అంగారకుడి మీద బుడతడు నాలుగోసారి గోతిలో పడ్డాడు.

"అక్కడ ఆగి దూకాలి నాన్నా. ఇలా తే" అంటూ పిల్లాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. వాలరెంట్ దిగులు పూర్తిగా పోలేదు. ఇంకో ఏడాది డబ్బులు దాచి గ్రాఫిక్స్ కార్డు కొనాలన్న పథకం మనసులో ఉండనే ఉంది. అయినా గొయ్యి దాటించాడు.

వంటింట్లోంచి మామ్మ కేక వేసింది. "ఆ ముసలిది పనిచేస్తోందటరా?"

"చేస్తోంది మామ్మా!"

"అయితే దాన్ని కాసేపు పడుకోబెట్టి, మీరు అన్నానికి రండి."