క్యాన్సర్ లెక్కల్లో ఐటీ కారిడార్‌కూ, చుట్టుపక్కల పల్లెలకూ చోటు కల్పించాలని వినతిపత్రం

గౌరవనీయులైన వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,
తెలంగాణ ప్రభుత్వం, సచివాలయం, హైదరాబాద్.

ప్రతులు: వైద్యారోగ్య శాఖ కార్యదర్శి, కార్మిక శాఖ కమిషనర్, రంగారెడ్డి, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాల కలెక్టర్లు.

విషయం: సైబరాబాద్ ఐటీ కారిడార్‌లోనూ, దానికి ఆనుకుని ఉన్న గ్రామాల్లోనూ క్యాన్సర్ నమోదు, ముందస్తు పరీక్షలు, చికిత్స ఏర్పాట్ల గురించి.

ఆర్యా,

మేము మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రాంగూడ, కోకాపేటల్లో పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం, కాల్ సెంటర్ సిబ్బంది, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్, భవన నిర్మాణ కార్మికులం. శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల మండలాల గ్రామస్థులు కూడా మాతో ఉన్నారు. మా జీతాలు వేరు, ఊళ్లు వేరు. ఈ విషయంలో మా అవసరం మాత్రం ఒక్కటే కనుక అందరం కలిసి ఈ వినతిపత్రం సమర్పిస్తున్నాం.

పూర్వాపరాలు

క్యాన్సర్ పట్నంలో ఎక్కువ, పల్లెలో తక్కువ అని నమోదైన లెక్కలు చెబుతున్నాయి. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 2020లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, వయసుల తేడాను సవరించి చూస్తే, హైదరాబాద్ జిల్లాలో ఏటా లక్ష మంది స్త్రీలలో 48 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తున్నట్లు తేలింది. చెన్నైలో ఈ సంఖ్య 42.2, బెంగళూరులో 40.5. దేశంలో క్యాన్సర్ కేసులను నమోదు చేసే రిజిస్ట్రీలన్నిటిలోకీ హైదరాబాద్‌దే పైస్థానం. అదే నివేదికలో ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్), బీడ్ జిల్లాలు అట్టడుగున ఉన్నాయి. అక్కడ అన్ని రకాల క్యాన్సర్లూ కలిపి లక్ష మంది స్త్రీలకు 49.4. మహారాష్ట్రలోని ఆ రెండు జిల్లాలూ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమే. ఎక్కువగా పల్లెలే ఉన్న ఆ జిల్లాల్లో అన్ని క్యాన్సర్లూ కలిపితే ఎంతో, మన పట్నంలో ఒక్క రొమ్ము క్యాన్సరే దాదాపు అంత ఉంది.

ఈ తేడాకు తెలిసిన కారణాలు కొన్ని ఉన్నాయి. పట్నంలో తొలి కాన్పు ఆలస్యమవుతోంది, కాన్పులు తగ్గాయి, బిడ్డకు పాలిచ్చే కాలం కుదించుకుపోయింది, ఒంటికి కదలిక తగ్గి బరువు పెరుగుతోంది. ఇవన్నీ రొమ్ము క్యాన్సర్‌కు దారితీసేవే. పరీక్షలు అందుబాటులో ఉండటం వల్ల జబ్బు బయటపడటం కూడా పట్నంలోనే ఎక్కువ. పల్లెలో అసలు నిర్ధారణే కాకుండా పోయిన ప్రాణం ఏ రిజిస్ట్రీలోనూ క్యాన్సర్ మరణంగా నమోదు కాదు. కనుక పల్లెలో సంఖ్య తక్కువగా ఉన్నంత మాత్రాన అక్కడ క్షేమమని అనుకోవడానికి వీల్లేదు.

మరణాల లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. దేశంలోని క్యాన్సర్ మరణాలపై 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం 30–69 ఏళ్ల వయసువారిలో లక్షకు మరణాలు పల్లె స్త్రీలలో 96.6, పట్నం స్త్రీలలో 91.2. పురుషులలో పల్లెలో 95.6, పట్నంలో 102.4. నమోదులో అంత తేడా ఉన్నా మరణాల్లో తేడా దాదాపు లేదు. పట్నం స్త్రీకి జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. పల్లె స్త్రీకి వచ్చిన జబ్బు నుంచి బయటపడే అవకాశం తక్కువ. అదే అధ్యయనంలో చదువు లేని స్త్రీలలో మరణాల రేటు 106.7 ఉండగా, బాగా చదువుకున్న స్త్రీలలో 43.4 మాత్రమే.

మా కారిడార్‌లో ఈ రెండు పరిస్థితులూ ఒకే భవనంలో కనిపిస్తాయి. పై అంతస్తులో పనిచేసే ఇంజనీరుకు కంపెనీ ఖర్చుతో ఏటా ఆరోగ్య పరీక్ష జరుగుతుంది. అదే అంతస్తును తెల్లవారకముందే ఊడ్చి తుడిచే కాంట్రాక్టు కార్మికురాలు నాగర్‌కర్నూల్ నుంచో నారాయణపేట నుంచో వచ్చి ఉంటుంది. ఆమెకు ఆ పరీక్ష ఉండదు. ఒక పూట సెలవు పెడితే ఒక పూట కూలి పోతుంది.

ఇంత తేడా ఉన్న మా ప్రాంతానికి లెక్కే లేదు. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో ఉన్న జనాభా ఆధారిత క్యాన్సర్ రిజిస్ట్రీ 2014 నుంచి ఇచ్చిన లెక్కలు హైదరాబాద్ జిల్లాకు సంబంధించినవి. 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన హైటెక్ సిటీ, దాని వెంట పెరిగిన గచ్చిబౌలి, నానక్‌రాంగూడ రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. ప్రపంచమంతా మమ్మల్ని హైదరాబాద్ పేరుతోనే ఎరుగును గానీ, హైదరాబాద్ క్యాన్సర్ లెక్కలో మేము లేము. మా పక్కనున్న పల్లెలూ లేవు. విదేశాల ఆసుపత్రుల రికార్డులను రాత్రింబవళ్లు సరిచూసి పంపే ఉద్యోగులు వేల సంఖ్యలో ఉన్న ప్రాంతం ఇది. ఇక్కడి రోగుల నమోదుకు మనుషులూ లేకపోలేదు, నైపుణ్యమూ లేకపోలేదు.

చిరునామా దగ్గర మరో చిక్కుంది. నాలుగేళ్లుగా గోపన్‌పల్లిలో గది అద్దెకు తీసుకుని ఉంటున్న కార్మికురాలు ఆసుపత్రికి వెళితే, కౌంటర్‌లో ఆధార్ చూసి ఆమె సొంత ఊరి పేరు రాసుకుంటారు. ఊళ్లోనే ఉండే ఆమె తల్లి చికిత్సకు పట్నం వస్తే, కబురు అందడానికి వీలుగా కూకట్‌పల్లిలోని బంధువుల ఇంటి చిరునామా ఇస్తుంది. ఒక ప్రాంతంలో కనీసం ఏడాది నివసించినవారినే అక్కడి వారిగా లెక్కించాలన్నది రిజిస్ట్రీల నియమం. కౌంటర్‌లో ఆ ప్రశ్న అడగకపోతే కూతురు పల్లె ఖాతాలోకి, తల్లి పట్నం ఖాతాలోకి వెళతారు. ఇద్దరి విషయంలోనూ లెక్క తప్పుతుంది. నిధులు, యంత్రాలు, వైద్యుల పోస్టులు కేటాయించేటప్పుడు ప్రభుత్వం ముందుండేది ఆ లెక్కే.

ఈ పరిస్థితుల దృష్ట్యా కింది డిమాండ్లను మీ ముందు ఉంచుతున్నాం.

మా డిమాండ్లు

1. క్యాన్సర్ రిజిస్ట్రీని రంగారెడ్డి, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలకు విస్తరించాలి. పాలమూరు ప్రాంతంలో పూర్తిగా గ్రామీణ రిజిస్ట్రీ ఒకటి నెలకొల్పాలి.
మహారాష్ట్రలోని బార్శిలో 1987లోనే దేశంలో తొలి గ్రామీణ రిజిస్ట్రీ మొదలైంది. అక్కడి సిబ్బంది ఊరూరా తిరిగి రోగుల వివరాలు సేకరించడంతోపాటు జబ్బు లక్షణాల గురించి జనానికి చెప్పారు. దాంతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగులు తొలి దశలోనే వైద్యానికి రావడం పెరిగింది. లెక్క కోసం పెట్టిన ఖర్చు వైద్యానికీ పనికొచ్చింది.

2. కారిడార్‌లోని ప్రతి ఆసుపత్రి, ప్రతి రోగనిర్ధారణ కేంద్రం ప్రతి క్యాన్సర్ కేసునూ రిజిస్ట్రీకి తెలియజేసేలా చూడాలి. ప్రస్తుత నివాసం, అక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నారు, సొంత ఊరు అనే మూడు వివరాలూ తప్పనిసరిగా రాయించాలి.
రోగి ఎక్కడ జీవిస్తున్నదీ, ఎక్కడి నుంచి వచ్చిందీ రెండూ తెలిస్తేనే పట్నం, పల్లె తేడాకు కారణాలు తేలుతాయి. ఇందుకు కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. నమోదు ఫారంలో రెండు గడులు పెంచితే చాలు.

3. మండలాల వారీగా, పట్నం, పల్లె విడివిడిగా వార్షిక నివేదిక తెలుగులో ప్రచురించాలి. జబ్బు ఏ దశలో బయటపడిందో అందులో చూపాలి. రోగుల పేర్లు మాత్రం గోప్యంగా ఉంచాలి.
ఎందరికి వచ్చిందన్నదానికంటే ఏ దశలో తెలిసిందన్నదే వైద్య వ్యవస్థ పనితీరును ఎక్కువగా చెబుతుంది. ఆ వివరం గ్రామ పంచాయతీకి, ఆశా కార్యకర్తకు అర్థమయ్యే భాషలో ఉండాలి.

4. రొమ్ము, గర్భాశయ ముఖద్వార, నోటి క్యాన్సర్ పరీక్షలను కాంట్రాక్టు కార్మికులతో సహా అందరికీ, పని వేళల్లోనే, కూలి కోత లేకుండా జరిపించాలి.
నిర్ణీత వయసు, వర్గానికి చెందిన ఉద్యోగులకు యజమాని ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలని వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 చెబుతోంది. ఆ పరీక్షలో ఈ మూడూ ఉండాలని, బాధ్యత కాంట్రాక్టరు మీదికి నెట్టేయకుండా ప్రధాన యజమానిపైనే ఉండాలని స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. పరీక్ష ఫలితం కార్మికురాలికి మాత్రమే అందాలి. జబ్బు తేలినంత మాత్రాన కొలువు పోకూడదు.

5. శిశు సంరక్షణ కేంద్రాల నిబంధనను కచ్చితంగా అమలు చేయాలి. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే స్త్రీల ఆరోగ్యంపై ప్రత్యేక పర్యవేక్షణ ఉండాలి.
50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్లవచ్చని 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం చెప్పింది. పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుందని 2002లో అంతర్జాతీయ స్థాయి విశ్లేషణ తేల్చింది. అందువల్ల ఆ కేంద్రం సౌకర్యమే కాదు, జబ్బు నివారణ కూడా. ఇక రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న అంశంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో గుర్తించి, 2019లో మళ్లీ ధ్రువీకరించింది. వరుసగా ఎన్ని రాత్రులు, మొత్తం ఎన్నేళ్లు పనిచేశారన్నది ఆరోగ్య రికార్డులో నమోదు కావాలి.

6. గ్రామాల్లో 30 నుంచి 65 ఏళ్ల మధ్య వారందరికీ, 2016లో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, అయిదేళ్లకోసారి పరీక్షలు పూర్తి చేయాలి. పల్లె దవాఖానాల్లో, బస్తీ దవాఖానాల్లో వారానికొక సాయంత్రం, నెలకొక ఆదివారం ఇందుకు కేటాయించాలి.
2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నామని చెప్పిన స్త్రీలు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. పరీక్ష వల్ల ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు జవాబు మన పొరుగునే ఉంది. ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా ముప్పై వేల మందికి పైగా స్త్రీలతో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పరీక్ష ఒక్కసారి జరిపిన ఊళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ముంబై బస్తీల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఆసిటిక్ ఆమ్లం పూసి కంటిచూపుతో చేసిన పరీక్ష వల్ల ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. అనుమానం తేలిన స్త్రీని తదుపరి పరీక్షకు తీసుకెళ్లే బాధ్యత ఎవరిదో, ఎన్ని రోజుల్లోగా తీసుకెళ్లాలో కూడా ఉత్తర్వులో ఉండాలి. ఆ ఒక్క అడుగు తప్పితే అంతకుముందు చేసినదంతా వృథా.

7. చికిత్సను ఊరికి దగ్గర చేయాలి.
గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ అంటే వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు. పల్లె నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే రోగికి, తోడు వచ్చే మనిషికి అన్నాళ్లూ కూలి ఉండదు, ఉండటానికి చోటు ఉండదు. మధ్యలో మానేస్తే జబ్బు మళ్లీ ముదురుతుంది. కనుక వారిద్దరికీ బస, భోజనం, బస్సు పాసు కల్పించాలి. జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలను 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. కొండాపూర్ జిల్లా ఆసుపత్రిలోనూ, చేవెళ్లలోనూ కీమోథెరపీ, నొప్పి నివారణ వైద్యం ఏడాది పొడవునా అందాలి. చికిత్స ఖరారు కాకముందు జరిగే బయాప్సీ, స్కానింగ్‌ల ఖర్చు పేద రోగిపై పడకూడదు.

8. హెచ్‌పీవీ టీకాను పల్లె, పట్నం తేడా లేకుండా బాలికలందరికీ ఉచితంగా ఇవ్వాలి. తల్లిదండ్రులకు వారి భాషలో వివరించి, వారి సమ్మతితోనే ఇవ్వాలి.
2009లో ఖమ్మం జిల్లాలో మొదలుపెట్టిన టీకా ప్రాజెక్టును 2010లో నిలిపివేయాల్సి వచ్చింది. తల్లిదండ్రులకు బదులు వసతి గృహాల వార్డెన్ల సంతకాలు తీసుకోవడాన్ని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. టీకా ప్రయోజనంపై మాకు సందేహం లేదు. నమ్మకం పోగొట్టుకుంటే మంచి టీకా కూడా ఊళ్లోకి రాలేదన్నది ఆ అనుభవం నేర్పింది.

మా వంతు

ఇవ్వాల్సింది ప్రభుత్వమే అయినా, చేతులు కట్టుకుని కూర్చోవాలని మేము అనుకోవడం లేదు. రిజిస్ట్రీకి అవసరమైన నమోదు సాఫ్ట్‌వేర్‌ను, గోప్యత నిబంధనలకు లోబడి, ఉచితంగా రాసి నిర్వహించడానికి మాలోని ఇంజనీర్లు సిద్ధంగా ఉన్నారు. కార్మికుల బస్తీల్లో, మా గ్రామాల్లో పరీక్షల రోజున జనాన్ని సమీకరించే బాధ్యత మేము తీసుకుంటాం.

మా డిమాండ్లలో మొదటి మూడింటికి పెద్దగా నిధులు అక్కర్లేదు. వాటిపై 90 రోజుల్లోగా ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాం. మిగిలినవాటికి ఏ నెలలో ఏ పని జరుగుతుందో, ఏ అధికారి బాధ్యులో తెలిపే కార్యక్రమ పట్టిక ప్రకటించాలి. వీటిలో ఏదైనా సాధ్యం కాదనుకుంటే కారణం రాతపూర్వకంగా తెలియజేయండి. దానికి మా జవాబు, ప్రత్యామ్నాయం తీసుకుని వస్తాం. ఈ విషయాలను వివరంగా విన్నవించుకోవడానికి మా ప్రతినిధులకు సమయం కేటాయించాలని కోరుతున్నాం.

జబ్బు ఎవరికి వస్తుందన్నది పూర్తిగా ఎవరి చేతుల్లోనూ లేదు. వచ్చినవారి పేరు లెక్కలోకి ఎక్కడం, జబ్బు తొలి దశలోనే బయటపడటం, చికిత్స చివరిదాకా అందడం మాత్రం ప్రభుత్వం చేతుల్లో ఉన్న పనులే. వాటిని మా హక్కుగా కోరుతున్నాం. మీరు న్యాయంగా ఆలోచించి నిర్ణయం తీసుకుంటారని విశ్వసిస్తున్నాం.

ఇట్లు,
భవదీయులు,
సైబరాబాద్ ఐటీ కారిడార్ ఉద్యోగులు, కార్మికులు,
శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల మండలాల గ్రామస్థులు.

స్థలం: మాదాపూర్