అమ్మా, అది ఆ పేకాట కాదు

ఆదివారం పొద్దున్నే బైక్ తాళాలు తీస్తే అమ్మ అడిగే మొదటి ప్రశ్న: "మళ్ళీ పేకాటకేనా?"

"పేకాట కాదమ్మా, బ్రిడ్జ్" అంటాను.

"ఆడేది ముక్కలతోనే కదా?" అంటుంది. దానికి ఒక్క ముక్కలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు అమ్మ వైపు నుంచి చెప్పాలి. మా బాబాయ్ ఫోన్‌లో డబ్బులు పెట్టి రమ్మీ ఆడి, రెండేళ్ళలో ఇంటి స్థలం అమ్ముకున్నారు. పిన్ని మా వంటింట్లో కూర్చుని ఏడవడం నాకింకా గుర్తుంది. కాబట్టి మా ఇంట్లో పేకముక్కని చూసి భయపడటం చాదస్తమేమీ కాదు.

ఇక నేను అక్కడికి ఎలా వెళ్ళానంటే, తాతయ్య వల్ల. రిటైరైనప్పటి నుంచి ఆయన ఊళ్ళో పాత క్లబ్బులో బ్రిడ్జ్ ఆడుతున్నారు. అక్కడ రెండు టేబుళ్ళు, ఎనిమిది మంది. తాతయ్య పార్ట్‌నర్ కొడుకు దగ్గరికి డల్లాస్ వెళ్ళిపోయారు. ఏడుగురు మిగిలారు. బ్రిడ్జ్‌కి టేబుల్‌కి నలుగురు ఉండి తీరాలి. "సెలవులే కదా, వచ్చి కూర్చో" అన్నారు. మావయ్యగారిని ఏమీ అనలేక అమ్మ నన్ను అంటోంది, అంతే.

అక్కడ డబ్బు ఉండదు. టీ డబ్బులు కూడా ఎవరివి వాళ్ళవే. మేము ఆడిన ముక్కల్నే నలుగురివీ విడివిడిగా బోర్డులో పెట్టి రెండో టేబుల్‌కి పంపుతారు. అవే ముక్కలతో వాళ్ళూ ఆడతారు. ఎవరు బాగా ఆడారన్నదే లెక్క. "నాకు ముక్కలు పడలేదు" అనే వంక చెల్లదు.

మొదటి రోజే పరువు పోగొట్టుకున్నాను. తాతయ్య కళావరు ఆసు వేశారు. నా చేతిలో కళావర్లు లేవు. ఉత్సాహంగా తురుపు వేసి కోసేశాను. ఆయన ఏమీ అనలేదు. ఆట మధ్యలో పార్ట్‌నర్‌తో మాట్లాడకూడదు, మొహం కూడా చిట్లించకూడదు. అంతా అయ్యాక మాత్రం అడిగారు: "ఆ ట్రిక్ ఎలాగూ మనదే కదరా. నేనూ ఆడుతున్నానని మర్చిపోయావా?"

నిజంగానే మర్చిపోయాను. చిన్నప్పటి నుంచి నేను ఆడిన ఆటలన్నీ ఫోన్‌లో, ఒక్కడినే ఆడినవి.

మన సీఎస్ వాళ్ళకి ఒక మాట. ఎదురుగా కూర్చున్న పార్ట్‌నర్‌కి మన ముక్కల సంగతి చెప్పడానికి బిడ్డింగ్‌లో ఉన్నవి 35 బిడ్లు, ఇంకా పాస్, డబుల్, రీడబుల్. మొత్తం 38 మాటలు. అదొక ప్రోటోకాల్. పైగా అందులో రహస్యం ఉండకూడదు, ఆ బిడ్‌కి అర్థమేంటని ప్రత్యర్థి అడిగితే చెప్పాల్సిందే. 2022లో పారిస్‌లో నూక్ అనే ప్రోగ్రాం ఎనిమిది మంది ప్రపంచ ఛాంపియన్లని ఓడించింది. కానీ ఆ పోటీలో బిడ్డింగ్ లేదు, ముక్కలు ఆడటం వరకే.

పెద్దవాళ్ళ కాలక్షేపం అనేవాళ్ళకి ఇంకొకటి. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బ్రిడ్జ్‌లో మనకి స్వర్ణం తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కి అప్పుడు 60 ఏళ్ళు, ఆయన పార్ట్‌నర్ శిబ్‌నాథ్ సర్కార్‌కి 56.

"రమ్మీ కూడా నైపుణ్యం ఉన్న ఆటే అని కోర్టు చెప్పిందిగా?" అని మీరు అడగొచ్చు. చెప్పింది. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని బ్రిడ్జ్‌తోనే పోల్చింది. అంటే తప్పు ముక్కల్లో లేదు. ముక్కల మీద పెట్టే డబ్బులో ఉంది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించాయి. 2025లో పార్లమెంటూ చట్టం చేసింది. నా ఉద్దేశంలో మంచి పనే. మా బాబాయ్‌కి అది ముందే వచ్చుంటే బాగుండేది.

కానీ మనం రెండిటికీ 'పేకాట' అని ఒకటే పేరు పెట్టాం. దాంతో ఏమైందంటే, పట్టపగలు అందరి ముందు ఆడే ఆటకి చెడ్డపేరు వచ్చింది. బాబాయ్ అర్ధరాత్రి దుప్పటి కింద ఆడిన ఆట మాత్రం స్థలం పోయేదాకా ఎవరికీ కనబడలేదు. "ఎవరితో ఆడుతున్నావ్? ఏం పెట్టి ఆడుతున్నావ్?" అని ఇంట్లో ఒక్కరు ముందే అడిగి ఉండాల్సింది. అమ్మ నన్ను కూడా ఆ రెండూ అడగొచ్చు. రెండిటికీ నా దగ్గర జవాబుంది.

డల్లాస్ వెళ్ళినాయన సంక్రాంతికి తిరిగొస్తున్నారట. అప్పుడు నా కుర్చీ ఆయనకి ఇచ్చెయ్యాలి. తొమ్మిదో మనిషిని అవుతాను. మూడో టేబుల్ వెయ్యాలంటే ఇంకో ముగ్గురు కావాలి. ఆట రాకపోయినా పర్లేదు, తాతయ్య నేర్పిస్తారు. మీ అమ్మగారికి జవాబు చెప్పుకునే పని మాత్రం మీదే.