రిమ్ము వెడల్పు కంటే ముందు గాలి సంగతి చూద్దాం

బిర్సానగర్‌లో మా వీధి చివర ఉండే తెలుగు కుర్రాడు ఒక సాయంత్రం తన మౌంటెన్ సైకిల్‌ను నడిపించుకుంటూ మా ఇంటికి వచ్చాడు. మోచేతికి కట్టు ఉంది. మాన్గో వంతెన మీదుగా సువర్ణరేఖ దాటి, దల్మా కొండ కింద ఊళ్ల మధ్య మట్టిబాటలో వెళ్తుంటే, మలుపులో ముందు చక్రం జారి పడ్డాడట. "బాబాయ్, ఈ సన్న రిమ్ముల వల్లే ఇదంతా. వెడల్పు రిమ్ములు వేయిస్తాను. మా నాన్నకు మీరు కాస్త చెప్పండి" అన్నాడు. అయ్యే ఖర్చు ఆ సైకిల్ ధరలో దాదాపు సగం. వాళ్ల నాన్న కాంట్రాక్టు పనివాడు. అందుకే మాట సాయం చేసే ముందు లెక్క చూడాలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వెడల్పు రిమ్ములు మోసం కాదు, వాటి వెనక నిజమైన సైన్సు ఉంది. కానీ మామూలు సైకిల్ ఉన్నవారు మొదట ఖర్చు పెట్టాల్సింది వాటి మీద కాదు.

లోలకంలా ఊగిన వెడల్పు

మౌంటెన్ సైకిల్ పుట్టింది 1970లలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల్లో. అక్కడి కుర్రాళ్లు పాత ష్విన్ సైకిళ్లను కొండ మీదికి ఎక్కించి కిందికి దూకించేవారు. లావుపాటి బెలూన్ టైర్లను ష్విన్ కంపెనీ 1933లో అమెరికాలో ప్రవేశపెట్టింది. పందేలు పెరిగాక బరువు తగ్గించాలన్న తపన మొదలై, 1990లలో రిమ్ము లోపలి వెడల్పు 17 నుంచి 19 మి.మీ.కు కుంచించుకుపోయింది. 2010ల తర్వాత గాలి మళ్లీ ఎదురు తిరిగింది. ఒక దశలో 3 అంగుళాల టైర్లు, 40 మి.మీ. దాటిన రిమ్ములు కూడా వచ్చాయి. ఇప్పుడు 2.3 నుంచి 2.5 అంగుళాల టైర్లకు 30 మి.మీ. దగ్గర చాలామంది స్థిరపడ్డారు. ఇన్నిసార్లు ఊగిన విషయంలో ఫ్యాషన్ ఎంత, భౌతికశాస్త్రం ఎంత అని అడగడం న్యాయమే.

రిమ్ము వెడల్పయితే ఏమవుతుంది?

టైరు ఒక అంచు నుంచి రెండో అంచు దాకా ఉన్న గుడ్డ లాంటిది. దాని పొడవు మారదు. గాలి నింపితే అది దాదాపు గుండ్రంగా ఉబ్బుతుంది. రెండు అంచులను దూరం జరిపితే ఆ గుండ్రం కాస్త పెద్దదవుతుంది. 19 మి.మీ. రిమ్ము మీద 54 మి.మీ. వెడల్పున్న టైరును 30 మి.మీ. రిమ్ముకు మారిస్తే, లెక్క ప్రకారం వెడల్పు సుమారు 58 మి.మీ. అవుతుంది. రిమ్ము 11 మి.మీ. పెరిగితే టైరు పెరిగింది 4 మి.మీ. మాత్రమే. లోపల గాలి పట్టే చోటు 12 శాతం దాకా పెరుగుతుంది.

అసలు లాభం మరోచోట ఉంది. సన్న రిమ్ము మీద టైరు కరెంటు బల్బులా, మెడ సన్నగా, తల లావుగా నిలబడుతుంది. మలుపులో పక్కకు తోపు తగలగానే మెడ దగ్గర వంగుతుంది. వెడల్పు రిమ్ము మీద పక్కగోడలు నిటారుగా నిలుస్తాయి. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిని పక్కకు తోయడం కష్టమైనట్టే, ఆ టైరును మడవడం కష్టం. గాలి తగ్గించినా అది అదుపులో ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వెడల్పు రిమ్ము వేస్తే నేలకు ఎక్కువ టైరు ఆనుతుందని అనుకుంటారు. నేలకు ఆనే వైశాల్యాన్ని ప్రధానంగా నిర్ణయించేవి రెండే: చక్రం మీది బరువు, లోపలి గాలి ఒత్తిడి. ముందు చక్రం మీద 35 కిలోల బరువుందనుకోండి. 45 పి.ఎస్.ఐ. ఒత్తిడి దగ్గర ఆనే చోటు సుమారు 11 చదరపు సెంటీమీటర్లు. అదే 28 దగ్గర దాదాపు 18. రిమ్ము మార్చకుండానే పట్టు చోటు 60 శాతం పెరిగింది. ఖర్చు సున్నా.

గట్టి టైరు గులకరాళ్ల బాటలో వేగంగా పోతుందన్న నమ్మకమూ సగమే నిజం. నున్నటి తారురోడ్డు మీద అది సరే. రాళ్ల బాటలో గట్టి టైరు ప్రతి రాయి మీదా సైకిల్‌నూ మనిషినీ కలిపి పైకి ఎగరేస్తుంది. ఆ ఎగురుడుకు శక్తి మన కాళ్ల నుంచే పోతుంది. మెత్తటి టైరు రాయిని తనలోకి తీసుకుని ముందుకు దొర్లుతుంది.

మేము చేసిన చిన్న పరీక్ష

కుర్రాడి సైకిల్ చూశాను. ముందు టైరులో 45 పి.ఎస్.ఐ. ఉంది. రాయిలా గట్టిగా కొట్టించుకోవడం అతని అలవాటు. టైరు మీద గుబ్బలు సగం అరిగాయి. టైరు విప్పి స్కేలు పెట్టి కొలిస్తే రిమ్ము లోపలి వెడల్పు 19 మి.మీ. ముందుగా ముందు టైరు ఒక్కటి మార్చాం. తర్వాత ఒక మట్టిబాట మలుపు ఎంచుకుని, నేను గాలి మారుస్తూ పోయాను. ఎంత పెట్టానో అతనికి చెప్పలేదు. తెలిస్తే మనసు ముందే తీర్పు ఇచ్చేస్తుంది కదా.

28 దగ్గర అతను "ఇదే బాగుంది" అన్నాడు. మరోసారి అదే పెట్టినా అదే మాట. 22 దగ్గర మాత్రం మలుపులో టైరు కింద పాకుతున్నట్టు ఉందన్నాడు. ఒక్క కుర్రాడు, ఒక్క మలుపు శాస్త్రీయ అధ్యయనం కాదు, నిజమే. కానీ లెక్క చెప్పినదానికి అది సరిపోయింది. వెడల్పు రిమ్ము అక్కరకొచ్చేది సరిగ్గా ఆ 22 దగ్గర, అంటే ఇంకా తక్కువ గాలితో ఇంకా వేగంగా తిరగాలనుకునేవారికి.

అభ్యంతరాలు, హద్దులు

వెడల్పు రిమ్ములు బరువెక్కువన్న వాదన విని భయపడనక్కర్లేదు. ఒక్కో రిమ్ము 100 గ్రాములు ఎక్కువనుకున్నా మొత్తం 200 గ్రాములే. తిరిగే అంచున ఉన్నందున వేగం పెంచేటప్పుడు అది 400 గ్రాములతో సమానం. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలయితే అర శాతం మాత్రమే.

అసలు చిక్కులు వేరు. రిమ్ము మరీ వెడల్పయితే టైరు పైభాగం పలకలా చదునవుతుంది. పక్క గుబ్బలు ఉండాల్సిన కోణంలో ఉండవు. పక్కగోడలు బయటికి వచ్చి పదునైన రాళ్లకు దొరుకుతాయి. ఉబ్బిన టైరు ఫ్రేముకు దగ్గరై వానాకాలపు బురద ఇరుక్కుంటుంది. రిమ్మును పట్టే బ్రేకులున్న సైకిళ్లలో బ్రేకు కట్టెలు సరిపోకపోవచ్చు. రిమ్ము మారితే పుల్లల పొడవు కూడా చాలాసార్లు మారుతుంది, చక్రం మళ్లీ అల్లించాలి. ఇక గాలి మరీ తగ్గిస్తే ఏ రిమ్ము అయినా రాయికి తగిలి ట్యూబుకు పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. అందుకే టైరు మీద అచ్చు వేసిన కనిష్ఠ, గరిష్ఠ అంకెల మధ్యే ఉండాలి.

కొత్త సైకిల్ కొనేవారు, అరిగిన చక్రాలు ఎలాగూ మార్చేవారు టైరు వెడల్పులో సగానికి అటూ ఇటూ ఉన్న రిమ్మును అడిగి తీసుకోవాలి. అంటే 54 మి.మీ. టైరుకు 25 నుంచి 30. ఆ పైన ప్రతి మిల్లీమీటరుకూ లాభం తగ్గుతూ, ఇబ్బంది పెరుగుతూ పోతుంది. బాగున్న రిమ్మును తీసి పారేయడం మాత్రం దండగ.

తయారీదారులకూ ఒక మాట. టైరు మీద 54-584 లాంటి అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. రిమ్ము మీద కూడా లోపలి వెడల్పును అలాగే స్పష్టంగా అచ్చు వేయాలి. కొనేవాడు టైరు విప్పి స్కేలు పెట్టి కొలుచుకోవాల్సిన అవసరం ఉండకూడదు.

కుర్రాడి నాన్నతో చివరికి మాట్లాడాను. రిమ్ముల గురించి కాదు. గాలి ఒత్తిడి చూపే మీటరున్న మంచి పంపు, హెల్మెట్, మోచేతి కవచాలు కొనమని చెప్పాను. రిమ్ములకు అయ్యే ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ. ఆ పాత రిమ్ములు సొట్టపడిన రోజున వెడల్పువే తీసుకోమని నేనే చెబుతాను.