రష్యా కాదన్నది... షార్‌కు దక్కింది
రెండు ప్రయోగాల వెనుక వన్‌వెబ్ కథ

సూళ్లూరుపేట: శ్రీహరికోట నుంచి 2022 అక్టోబరు 23న ఎల్‌వీఎం3 రాకెట్ 36 విదేశీ ఉపగ్రహాలను మోసుకెళ్లింది. 2023 మార్చి 26న మరో 36 వెళ్లాయి. అన్నీ లండన్ కేంద్రంగా పనిచేసే వన్‌వెబ్ సంస్థవే. ఈ విజయాలు షార్ శాస్త్రవేత్తల సామర్థ్యానికి నిదర్శనం, సందేహం లేదు. అయితే ఆ బేరం ఇక్కడికి వచ్చిన దారి వేరు.

అమెరికా వ్యాపారవేత్త గ్రెగ్ వైలర్ 2012లో ఈ సంస్థకు అంకురార్పణ చేశారు. 1,200 కిలోమీటర్ల ఎత్తులో వందలాది చిన్న ఉపగ్రహాలను తిప్పి మారుమూల ప్రాంతాలకు సైతం ఇంటర్నెట్ అందించాలన్నది సంకల్పం. చిక్కల్లా ఖర్చుతోనే. ఉపగ్రహాల వలయం చాలావరకు పూర్తయితే గానీ సేవలు సాగవు, రాబడి రాదు. జపాన్‌కు చెందిన సాఫ్ట్‌బ్యాంక్ కొంతకాలం భరించి, 2020 మార్చిలో చేతులెత్తేసింది. అప్పటికి కక్ష్యకు చేరినవి 74 మాత్రమే. సంస్థ అమెరికా న్యాయస్థానంలో దివాలా రక్షణ కోరింది. బ్రిటన్ ప్రభుత్వం, మన దేశానికి చెందిన భారతీ సంస్థ చెరి 50 కోట్ల డాలర్లతో దానిని నిలబెట్టాయి.

బ్రిటన్ వాటాయే తర్వాత అడ్డంకి అయింది. ఉపగ్రహాలను పంపేది రష్యా సోయజ్ రాకెట్లు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, 2022 మార్చిలో, బ్రిటన్ తన వాటా వదులుకోవాలనీ, ఉపగ్రహాలను సైనిక అవసరాలకు వాడబోమని హామీ ఇవ్వాలనీ రష్యా పట్టుబట్టింది. బ్రిటన్ ససేమిరా అంది. 36 ఉపగ్రహాలు బైకనూర్‌లోనే చిక్కుకుపోయాయి. గత్యంతరం లేక వన్‌వెబ్ తనకు పోటీదారైన స్పేస్‌ఎక్స్‌ను సైతం ఆశ్రయించింది. ఇస్రో వాణిజ్య విభాగం ఎన్‌ఎస్‌ఐఎల్‌కు రెండు ప్రయోగాల ఒప్పందం దక్కింది. దాని విలువ వెయ్యి కోట్ల రూపాయల పైమాటే. ఎల్‌వీఎం3కి ఇదే తొలి వాణిజ్య అవకాశం.

వన్‌వెబ్ 2023 సెప్టెంబరులో ఫ్రాన్స్‌కు చెందిన యూటెల్‌శాట్‌లో విలీనమైంది. 2025లో ఫ్రాన్స్ ప్రభుత్వం నిధులు సమకూర్చి, దాదాపు 30 శాతంతో అతిపెద్ద వాటాదారుగా అవతరించింది. అంటే ప్రైవేటు పెట్టుబడి మోయలేని భారాన్ని చివరకు ప్రభుత్వాలే తలకెత్తుకున్నాయి.

మరి షార్ సంగతి? వన్‌వెబ్ తర్వాత ఎల్‌వీఎం3పై మరో విదేశీ సంస్థ ఉపగ్రహం ఎగరడానికి 2025 డిసెంబరు 24 దాకా ఆగాల్సి వచ్చింది. అది అమెరికా సంస్థకు చెందిన బ్లూబర్డ్. అడిగేవారు లేరనడం కన్నా, ఇవ్వడానికి రాకెట్లు చాలవనడమే సబబు. 2022 నుంచి 2025 వరకు నాలుగేళ్లలో ఎగిరిన ఎల్‌వీఎం3లు అయిదే. అందులో ఒకటి చంద్రయాన్-3కు వెళ్లింది.