రాజు లేచి నిలబడ్డడు (వాడ ముచ్చట్లు – 23)



పోయిన ఆదివారం అమ్మను, నా సహచరిని, ఆరో తరగతి చదివే బిడ్డను తీసుకొని హైదరాబాద్‌లో ఒక ఆరుబయట ప్రదర్శనకు పోయిన. "జానపద కళల సంబురం, ప్రవేశం ఉచితం" అని పెద్ద ఫ్లెక్సీ. చిందు భాగోతం ఉందని చెప్తే అమ్మ పొద్దటి నుంచే తయారై కూసున్నది. నడుము నొప్పికి దవాఖానకు రమ్మంటే రాని మనిషి, రెండు బస్సులు మారి వచ్చింది.

తెలియని తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రెండు మాటలు. చిందోళ్లు మాదిగల ఆశ్రిత కులం. డక్కలి, మాస్టి, బైండ్ల వాళ్ల లెక్కనే. మన మూలపురుషుడు జాంబవంతుని కథను తరతరాలుగా ఆడి, పాడి నిలబెట్టింది వాళ్లే. జాంబపురాణంలో జాంబవంతుడు బ్రాహ్మణునితో వాదానికి దిగుతడు. ఎవరు ముందు పుట్టిండ్రు, ఎవరెట్ల ఎక్కువైండ్రు అని నిలదీస్తడు. మనం యూనివర్సిటీల్లో సెమినార్లు పెట్టకముందే ఆ వాదన మన వాడల నడుమ తెల్లారేదాకా నడిచింది. 2005లో కన్నుమూసిన నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ ఆ సంప్రదాయంలో నుంచి వచ్చిన మహా కళాకారిణి.

ఆ రోజు వాళ్లకు దొరికింది పదిహేను నిమిషాలు. ఆడింది జాంబపురాణం కాదు, సారంగధరలో ఒక ముక్క. యాంకరమ్మ "అంతరించిపోతున్న అరుదైన కళ" అన్నది. చిందు అన్నది గానీ చిందోళ్లు అనలేదు. మాదిగ అన్న మాట ఆమె నోట రానే లేదు. మద్దెల ఊపందుకునే లోపే మైకు ఇంకొకరికి పోయింది. "నాన్నా, అయిపోయిందా? కథ ఏమైంది మరి?" అని అడిగింది నా బిడ్డ.

అమ్మ ఊకోలేదు. వేదిక వెనుకకు తీసుకపొమ్మన్నది. రాజు వేషంలో ఉన్న పెద్దమనిషి ప్లాస్టిక్ కుర్చీలో కూసొని పొట్లం అన్నం తింటున్నడు. కిరీటం ఇంకా తియ్యలేదు.

"ఏ ఊరన్నా మీది?" అని అమ్మ అడిగింది. చెప్పిండు. అమ్మ మా ఊరి పేరు చెప్పింది.

"మీ ఊరు మా పాలుకే వస్తది గదమ్మా" అనుకుంట ఆయన లేచి నిలబడ్డడు. తినే పొట్లం కింద పెట్టి, కుర్చీ అమ్మ దిక్కు జరిపిండు. "కూసోండ్రి అమ్మా."

భుజకీర్తులు, కిరీటం, గజ్జెలు పెట్టుకున్న రాజు మా ముందర నిలబడ్డడు. దొరల ముందు మా తాతలు ఎట్ల నిలబడ్డరో పదేండ్ల నుంచి సభల్లో చెప్తున్న. నా కోసం కూడా ఒకరు అట్లనే లేచి నిలబడతరని ఎన్నడూ అనుకోలేదు.

అమ్మ కూసోలేదు.

తిరిగొచ్చే బస్సులో తనంతట తనే చెప్పింది. "రాత్రంతా వాళ్ల ఆట చూసేటోళ్లం. తెల్లారి ఇంటి ముందరికొస్తే బువ్వ బయటనే పెట్టేటోళ్లం. నీళ్లు పైనుంచి పోసేటోళ్లం. మనకు దొర ఇంట్ల ఎట్ల పోసిండ్రో, అట్లనే."

"ఎందుకు నాయినమ్మా?" అన్నది బిడ్డ.

"మా అమ్మ పోసింది. నేనూ పోసిన."

అంబేద్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత అంటే ఇదే. పై మెట్టు తొక్కుతున్నదని ఏడుస్తున్న కాలు కింది మెట్టు మీద ఉంటది. రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడినోళ్లం, మన ఇంట్లో రెండో గ్లాసు ఎవరి కోసం ఉండేదో మాట్లాడలేదు.

"ఇప్పుడిది ఎందుకన్నా? శత్రువుకు ఆయుధం ఇచ్చినట్టు అయితది" అని కొందరు మిత్రులు అంటరు. 1994 జులై 7న ఈదుముడిలో దండోరా మొదలైన కాడి నుంచి మనం అడిగిందేంది? దళితులందరూ ఒక్కటే అని చెప్పి మా వాటా ఎందుకు దాస్తరు అనే కదా. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చింది కూడా ఎస్సీలందరూ ఒకే తీరుగ లేరని ఒప్పుకొనే కదా. ఆ న్యాయం మన గడప దాకా వచ్చి ఆగుతదా? మన కింద ఉన్నోళ్లు అడిగినప్పుడు "ఐక్యత" అంటే, అది మనల్ని ఊకోమన్నోళ్ల మాటే.

ఇంకోటి. "ఉచితం" అన్న మాట నమ్మకండ్రి. చూసేటోళ్లకు ఉచితమైతే ఆడేటోళ్లు ఎక్కడో ధర కడుతున్నట్టే. ఊళ్లు పాళ్లుగా పంచుకొని, గింజలు హక్కుగా అడిగిన కళాకారులను మనమే అడుక్కునేటోళ్లని చూసినం. ఇప్పుడు సర్కారు, సంస్థలు పదిహేను నిమిషాలు ఇచ్చి "అంతరిస్తున్నది" అని జాలి పడుతున్నయి. కళ తనంతట తాను అంతరించదు. ఆడేటోళ్ల పిల్లలకు బడి, భూమి, కుల సర్టిఫికెట్ అందకపోతే, అందరి నడుమ కూసునే గౌరవం దక్కకపోతే అంతరిస్తది.

విద్యార్థి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ క్యాంపస్ సభకు చిందు కళాకారులను పిలిస్తే దండ వేసి, ఫొటో దిగి పంపకండ్రి. పారితోషికం ముందే మాట్లాడండ్రి. మైకు వాళ్ల చేతికి ఇయ్యండ్రి. మన గురించి వాళ్లు చెప్పేది కూడా వినండ్రి, అది చేదుగా ఉన్నా సరే.

బస్సు దిగినంక అమ్మ అడిగింది: "ఆయన పేరేందిరా?" నా ఫోన్లో ఆయనతో దిగిన మూడు ఫొటోలు ఉన్నయి. పేరు అడగలేదు.

నాలుగు రోజులు తిరిగి పేరు, నంబరు సంపాదించిన. వచ్చే ఏప్రిల్ 14 రాత్రి మా వాడలో డీజే లేదు. తెల్లారేదాకా జాంబపురాణం. పొద్దున అందరికీ ఒకే బంతి. తనే వడ్డిస్తనన్నది అమ్మ. వడ్డించుడు కాదమ్మా, వాళ్ల పక్కన కూసొని తిను అన్న.

"సరే" అన్నది.

మీరూ రాండ్రి. జై భీమ్.