గబ్బిలముల పట్టిక

హైదరాబాదు నగరమునకు పడమట మాదాపురమున 1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు, కార్యాలయములకును సౌధములకును చోటొసంగుటకై అచ్చటి రాతిగుట్ట లనేకము పగులగొట్టబడినవి. ఆ కార్యాలయములవలన మన యువకులకు జీవనోపాధి కలిగినది. దానిని మేము కాదనము. కాని గుట్టను మందుపెట్టి పేల్చుటకు ముందు, దాని నెఱ్ఱెలలో నే జాతి గబ్బిలములు కాపురమున్నవో చూచి వ్రాసినవా రెందఱు?

2025 మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల భూమియందు చెట్లను యంత్రములతో కూల్ప నారంభించిరి. ఏప్రిలు 3న సుప్రీముకోర్టు ఆ పనిని నిలిపివేసినది. ఆ వివాదమున, విద్యార్థులును ప్రకృతి పరిశీలకులును కూర్చిన పక్షుల, జంతువుల పట్టికలు ప్రజావాదమునకు బలమిచ్చినవి. పగటివేళ కనబడు నెమలికిని జింకకును సాక్షులు దొరకిరి. రాత్రివేళ తిరుగు గబ్బిలమునకు సాక్షి యెవ్వరు?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పండ్లు తిను గబ్బిలములను కాకులతోను ఎలుకలతోను చేర్చి హానికర జంతువులుగా నెంచినది. 2022 సవరణమున ఆ యనుబంధము తొలగినది. చట్టము మారినను, ఉనికి తెలియని జీవిని చట్టము కాపాడజాలదు. పురుగులను భక్షించి పైరులకు మేలుచేయు ప్రాణియెడ నీ యుపేక్ష భూస్వాములకును తగదు.

కోలారు జిల్లా హనుమనహళ్ళి చెంత నొక గుహయందే నివసించు గబ్బిలపు జాతి కలదు. మఱి యెచ్చటను నేడది కానరాలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని పరిశీలించి, చుట్టుపట్ల గ్రానైటు త్రవ్వకమువలని యపాయమును లోకమునకు తెలిపిరి. అట్టి విద్య మన నగరముననే యుండగా, పౌరులు తోడుపడకుండుటేల?

పని దుష్కరము కాదు. సాయంసంధ్యవేళ గుట్టకు గాని, పాత కట్టడమునకు గాని, ఊరి మఱ్ఱికి గాని దూరముగా నిలిచి, వెలువడు గబ్బిలములను లెక్కించి, చోటును తేదీని వ్రాసి పరిశోధకులకు పంపిన చాలును. గుహలో జొరబడరాదు, ప్రాణిని తాకరాదు. మన చెవికందని వాని కూతలను గ్రహించు యంత్రములతో జాతిని పండితులు నిర్ణయింతురు.

గుఱుతులు బయటపెట్టిన రాయికొట్టువారికి దారి చూపినట్లగునని కొందఱందురు. ఆ శంక న్యాయమైనదే. కావున ఏ ప్రాంతమున నే జాతి గలదో ప్రజలకు తెలుపవలెను. నివాసపు ఖచ్చితమైన చోటును పరిశోధకులును అటవీశాఖయు మాత్రమే యెఱుగవలెను. అంతమాత్రమున పట్టికనే పెట్టెలో దాచుట తగదు. దాచిన పట్టిక లేని పట్టికయే.

గుట్టను పగులగొట్ట ననుమతి నొసంగు అధికారులు, మొదట నీ పట్టికను చూచుట విధిగా నేర్పఱుపవలెనని మా యభిప్రాయము. పగిలిన శిల మరల నతుకదు.