గడులు చూచి లెక్క నమ్ముడు



దుకాణములలో డబ్బు చెల్లించుటకు అంటించిన నలుపు తెలుపు చదరపు గుర్తును మీరందరు ఎరుగుదురు. అదే క్యూ.ఆర్. కోడు. 1994లో జపానులో మోటారు కార్ల విడిభాగములను గుర్తించుటకై దీనిని రూపొందించిరి. ఇది ఎరువుల లెక్కకును ఉపయోగపడును.

కోడులో ఉండునది లెక్క కట్టు ఇంటర్నెట్ పుట యొక్క చిరునామా మాత్రమే. ఆ పుటను అందుకు తగినట్లు తయారు చేసినచో, చిరునామా చివర పంట, విస్తీర్ణము, ఎరువు రకము ముందే చేర్చవచ్చును. ఫోను చూపినంతనే గడులు నిండి జవాబు వచ్చును. టైపు చేయు శ్రమ తప్పును.

సౌకర్యము మంచిదే. కాని ఆ గడులలోని అంకెలు మీ పొలమువేనా?

ఒంగోలు పరిసరములలో నీటి వసతి గల మిరపనే తీసికొందము. ఎకరమునకు సిఫారసు నత్రజని 120, భాస్వరము 24, పొటాష్ 48 కిలోలు. కోడు తయారు చేసినవారు భాస్వరపు గడిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేటు నింపినారనుకొనుడు. సూపరు 150 కిలోలు, యూరియా దఫాలన్నియు కలిపి 261 కిలోలు అని పుట చెప్పును. మీరు కొన్నది డి.ఎ.పి. అయినచో 52 కిలోలు చాలును. అందులోనే 9 కిలోలకు పైగా నత్రజని ఉన్నది గనుక యూరియా 240 కిలోలు సరిపోవును. గడి మార్చనిచో ఎకరమునకు 20 కిలోల యూరియా అధికము. మూడెకరములకు 45 కిలోల బస్తా దాటును. ఖర్చు ఒకటే కాదు. నత్రజని ఎక్కువైన మొక్క ఏపుగా పెరిగి పురుగులకు, తెగుళ్ళకు సులభముగా లోనగును.

రైతు పొరపాటు పడకుండ గడులను మార్చ వీలులేనట్లు చేయవలెనని కొందరందురు. నేను అంగీకరింపను. అప్పుడు ఒకరి లెక్క ఊరందరి నెత్తిన పడును.

గ్రామాధికారులు కోడు క్రింద పంట, విస్తీర్ణము, ఎరువు రకము, సిఫారసు చేసినవారు, తేదీ పెద్ద అక్షరములతో వ్రాయవలెను. ఫోను లేనివారికై ప్రక్కనే పట్టిక అంటించవలెను.

రైతులు పుట తెరచిన వెంటనే జవాబు కొరకు తొందరపడక గడులను చదువవలెను. 2015లో ప్రారంభమైన పథకము క్రింద భూసార పరీక్షా పత్రము పొందియున్నవారు అందలి మోతాదులను గడులలో వేసికొనవలెను. సందేహమున్నచో బస్తా విప్పక మునుపే మమ్ము అడుగుడు.